ఒకే ఇంట్లో రెండు కోతలు

పొద్దున ఏడు గంటలకు ఖుర్షిదా ఇడ్లీ పాత్ర మూత తీసి, మరిగిన నీళ్ళతో కడిగిన ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టింది. పక్కన చిన్న గిన్నెలో పలచటి పప్పు, కాచి చల్లార్చిన నీళ్ళ సీసా. చట్నీ లేదు. పచ్చివి ఏవీ పెట్టకూడదని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ప్లేటు పట్టుకుని మధ్యగది దాటి, పడకగది తలుపు ముందున్న స్టూలు మీద పెట్టింది. వంగేసరికి పొట్ట మీద కుట్లు వేసిన చోట చర్మం లాగింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఏమండీ, టిఫిను పెట్టాను."

"సరే. వెళ్ళు," అన్నాడు లోపలినుంచి ఖాజావలి.

ఆమె వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. తలుపు జానెడు తెరుచుకుంది. రబ్బరు గ్లవ్ తొడిగిన చెయ్యి ప్లేటును లోపలికి తీసుకుంది. తలుపు మళ్ళీ మూసుకుంది.

అరగంట తర్వాత ఆ ప్లేటు స్టూలు మీదకు తిరిగి వస్తుంది. లోపలి బాత్‌రూములో సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచి, బోర్లించి పెడతాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో తాగిన గ్లాసు కూడా ఎన్నడూ తీసి ఎరగని మనిషి. మొదట్లో అది చూసి నవ్వుకుంది. తర్వాత్తర్వాత ఆ స్పిరిటు వాసన తగిలితేనే మొహం పక్కకు తిప్పుకుంటోంది. తన చెయ్యి పడింది కాబట్టే కడుగుతున్నాడేమోనన్న ఆలోచన ఒకసారి వచ్చింది. వచ్చాక ఎంత తోలినా పోలేదు.

ఆపరేషన్ జరిగి ఆ రోజుకు యాభై రెండు రోజులు.

ఖాజావలికి చిలకలూరిపేటలో పరుపుల షాపు ఉంది. దూది ఏకడం, పరుపులు కుట్టడం తండ్రి నుంచి వచ్చిన పని. ఆరేళ్ళ కిందట కళ్ళు పచ్చబడితే కామెర్లు అనుకున్నారు. కాలేయం నుంచి పసరు కిందికి దిగే గొట్టాలు సన్నబడిపోయే జబ్బు అని గుంటూరులో తేలింది. నోట్లోంచి పైపు దింపి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఆ దారిలో పెట్టేవాళ్ళు. మూడు నెలలకొకసారి పాతది తీసి కొత్తది వెయ్యాలి. మధ్యలో చలిజ్వరాలు వచ్చేవి. అట్లా ఆరేళ్ళు గడిచాక, ఇక కాలేయం మార్చడం తప్ప దారి లేదని డాక్టర్ త్యాగరాజు చెప్పేశాడు.

అన్నకు లివర్ ఇస్తానని తమ్ముడు జాన్ బాషా ముందుకొచ్చాడు గానీ అతనికి షుగరు. కూతురు నజ్మీన్ బరువు సరిపోలేదు. ఖుర్షిదాది సరిపోయింది. "నాది తీసుకోండి," అంది, అంతే. ఆ మాట అనడానికి ఆమె ఆలోచించింది లేదు. తన కాలేయంలో సగానికి పైగా కోసి ఆయనకు పెట్టారు. మిగిలింది మళ్ళీ పెరుగుతుందన్నారు.

ఆమె పదో రోజున ఇంటికి వచ్చింది. ఆయన ఇరవై నాలుగో రోజున వచ్చాడు. కొత్త కాలేయాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఉండటానికి ఇచ్చే మందుల వల్ల రోగాన్ని ఆపే శక్తి తగ్గుతుందనీ, మూడు నెలలు ఒక గదిలో, ఒకే మనిషి సాయంతో ఉండాలనీ చెప్పి పంపారు. దూది ధూళి ఆయన దగ్గరకు రాకూడదు. అందుకే షాపు జాన్ బాషా చూసుకుంటున్నాడు, దూది ఏకే మిషనును ఊరి చివరి షెడ్డుకు మార్చారు. గుంటూరు యార్డుకు పోయే మిరప లారీల ఘాటు లోపలికి రాకుండా కిటికీలకు పాలిథీన్ కవరు కొట్టారు. ఆయన వచ్చిన రోజునే ఖుర్షిదాకు దగ్గు పట్టుకుంది. లోపలి పనులన్నీ నజ్మీన్ చూసుకుంది. దగ్గు తగ్గింది. నజ్మీన్‌కు గుంటూరులో డిగ్రీ క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. ఖుర్షిదా మాస్కు కట్టుకుని సంతోషంగా తలుపు తోస్తే, "నువ్వు రావద్దు. అక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు.

అప్పటినుంచీ ఇంతే.

మొదట్లో కిటికీ దగ్గర నిలబడి రెండు మాటలు మాట్లాడేది. షాపుకు వచ్చినవాళ్ళతో గంటలు గంటలు కబుర్లు చెప్పే మనిషి, ఆమె మాటలకు ఊ, ఆ అనేవాడు. ఒకరోజు కిటికీ రెక్క కూడా వేసేశాడు. ఇంటికి ఎవరొచ్చినా వసారాలో కూర్చుని "ఎట్టా ఉన్నాడు?" అని ఆయన గురించే అడుగుతారు. ఫోన్లూ అంతే. ఖుర్షిదా జవాబులు చెప్పి, టీలు ఇచ్చి, వాళ్ళు వెళ్ళాక గ్లాసులు కడుక్కునేది. మధ్యాహ్నాలు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, గోడ అవతల ఆయన మంచం మీద ఒత్తిగిలితే ఆ కిర్రుమన్న చప్పుడు వినిపించేది. ఆమె ఇవతల చాప మీద పడుకుని ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గేది.

ఆ రోజు పదకొండు గంటలకు పర్చూరు నుంచి ఆడపడుచు నస్రత్ వచ్చింది. ఖాజావలి కంటే ఐదేళ్ళు పెద్దది. చెప్పులు విప్పుతూనే, "తమ్ముడు అన్నం తింటున్నాడా?" అంది.

"తింటున్నారు వదినా."

"నువ్వేందమ్మా నీళ్ళబిందె ఎత్తుతున్నావు. పర్వాలేదన్న మాట. మంచిదిలే, నువ్వన్నా తిరుగుతున్నావు."

ఖుర్షిదా బిందె కింద పెట్టింది. ఆ బిందెలో ఉన్నది పావు వంతు నీళ్ళే. అంతకంటే బరువు ఎత్తకూడదని తనకు కూడా ఒక కాగితం రాసిచ్చారు. అది ఏ ఫ్రిజ్ మీదా లేదు.

నస్రత్ మాస్కు పెట్టుకుని, తలుపుకు రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటుంటే ఖుర్షిదా వంటింట్లో టీ పెట్టింది. పర్చూరులో పత్తి ధర, మనవరాలి చెవులు కుట్టడం, అన్నీ వినిపిస్తున్నాయి. ఆయన మాట్లాడుతున్నాడు. అలిసిన గొంతే గానీ మాటలున్నాయి. ఆమె టీ వడకడుతూ ఉండగా ఆయన అన్నమాట స్పష్టంగా వినబడింది.

"అక్కా, ఖుర్షిదాని పొన్నూరు పంపించు. వాళ్ళమ్మ దగ్గర ఓ రెండు నెలలుంటుంది. నా మాట వినదు, నువ్వు చెప్పు."

"మరి నీకు వండి పెట్టేదెవరు?"

"జాన్ బాషా భార్య పంపిస్తుందిలే. ఆమె ఇక్కడుండటం నాకు ఇష్టం లేదు."

ఖుర్షిదా స్టవ్ కట్టేసింది. చేతిలో టీ జాలి అలాగే ఉంది, టీ పొడి నుంచి చుక్కలు బండ మీద పడుతున్నాయి.

నస్రత్ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "విన్నావు గదా. జబ్బు మనిషి, మనసుకు తీసుకోమాక. ఎళ్ళి అమ్మ దగ్గర రెండు నెలలుండు. నీకూ రెస్టు."

"నేనేం తప్పు చేశాను వదినా?"

"తప్పని ఎవరన్నారు? మగాళ్ళకి అట్టాగే ఉంటది. భార్య దగ్గర తీసుకుని బతికాననేది లోపల పొడుస్తా ఉంటది."

నస్రత్ మంచి ఉద్దేశంతోనే అంది. కానీ ఆ మాట ఖుర్షిదాకు బాగా తగిలింది. ఇన్నాళ్ళూ తనకు అర్థం కానిది అదేనా అనుకుంది. ఇచ్చినందుకు తన మొహం చూడటం కూడా ఆయనకు కష్టంగా ఉందన్న మాట.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన నజ్మీన్ బీరువా ముందు సర్దుతున్న తల్లిని చూసింది.

"ఎక్కడికమ్మా?"

"అమ్మమ్మ దగ్గరికి. రేపు పదింటి బస్సుకు మీ బాబాయి దించుతానన్నాడు."

"నాన్నకు ఎవరున్నారు?"

"మీ నాన్నే వెళ్ళమన్నారు. నాతో కాదు, మీ మేనత్తతో." ఖుర్షిదా చీర మడత పెట్టి సంచిలో కుక్కింది. "నాకు తోడు ఎవరున్నారని నువ్వు కూడా అడగలేదు చూడు."

నజ్మీన్ పుస్తకాల సంచి భుజం మీదనుంచి దించకుండానే తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. అడగలేదన్నది నిజం. రోజూ రాత్రి భోజనాల ముందు తండ్రి జ్వరం ఎంతుందో, మందులు వేసుకున్నాడో లేదో నోటుబుక్కులో చూసి, ఆ పేజీ ఫోటో తీసి ఆసుపత్రిలో కోఆర్డినేటర్ రెబ్కాకు పంపేది. అమ్మ గురించి రాసే పుస్తకం ఇంట్లో లేదు.

మర్నాడు పొద్దున నజ్మీన్ ఏడున్నర బస్సుకు వెళ్ళిపోయింది. "సాయంత్రం వచ్చాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా ఆగమ్మా," అని రెండుసార్లు చెప్పింది. ఖుర్షిదా సరేనలేదు. ఉప్మా చేసి స్టూలు మీద పెట్టి, స్నానం చేసి, వెళ్ళడానికి తయారై వచ్చింది. ప్లేటు బయటే ఉంది. ముట్టుకోలేదు. దాని పక్కన నోటుబుక్కు ఉంది, రాత్రి ఎప్పుడో బయట పెట్టినట్టున్నాడు.

ఊరికే తీసి చూసింది. పొద్దున 98.4. సాయంత్రం 98.4. ముందు రోజు పొద్దున, సాయంత్రం అదే. అంతకుముందు రాసినవన్నీ 97.9, 98.6, 98.2 అంటూ రకరకాలుగా ఉన్నాయి. ఆఖరి నాలుగూ ఒక్కటే అంకె. అంకెలు గీత దాటి పైకీ కిందికీ పోయాయి. కొలతలు రాసీ రాసీ ముత్యాల్లాంటి అంకెలు వేసే చెయ్యి అది.

"ఏమండీ."

తలుపుకు చెవి ఆనించింది. లోపల ఏదో టకటకమని సన్నగా కొట్టుకుంటోంది. కాసేపటికి అర్థమైంది. పళ్ళు.

గడియ ఉండకూడదని నజ్మీన్ ఎప్పుడో తీయించేసింది. ఖుర్షిదా మాస్కు పైకి లాక్కుని తలుపు తోసింది.

ఫ్యాను ఆగి ఉంది. మార్చి నెల ఎండ పాలిథీన్ కవరు మీద పడి గది పొయ్యిలా ఉంది. ఖాజావలి రెండు రగ్గులు, వాటి మీద ఒక బొంత కప్పుకుని గోడవైపు తిరిగి ముడుచుకున్నాడు. మంచం వణుకుతోంది.

"దగ్గరికి రావద్దు," అన్నాడు. "ఖుర్షిదా, బయటికెళ్ళు. చెప్తున్నాను."

ఆమె వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. ఆయన తల పక్కకు తిప్పుకోబోయాడు, శక్తి చాల్లేదు. ఆమె థర్మామీటరు చంకలో పెట్టి చెయ్యి కదలకుండా పట్టుకుంది. 102.6.

"ఎన్నాళ్ళనుంచి?"

ఆయన రగ్గు మీదకు లాక్కున్నాడు.

"పుస్తకంలో దొంగ అంకెలు ఎన్నాళ్ళనుంచి రాస్తున్నారు?"

"మొన్నటి నుంచి."

"నూరు దాటితే వెంటనే ఫోన్ చెయ్యాలని చిలక్కు చెప్పినట్టు చెప్పారు గదా. చచ్చిపోదామనుకున్నారా?"

"చెయ్యి తీయి. నీకు అంటుకుంటది."

"ఏది?"

"ఆ క్రిములు." ఆయన కళ్ళు మూసుకునే మాట్లాడుతున్నాడు. "ఐసీయూలో డాక్టర్లు మాట్లాడుకుంటుంటే విన్నా. నా పసరు నిండా బ్యాక్టీరియా ఉందంట. ఆపరేషన్ అప్పుడే తీసి పరీక్షకు పంపితే తేలిందంట. మామూలు మందులకు లొంగే రకం కాదంట. నా మంచానికి బోర్డు కట్టారు. గౌను, గ్లవ్స్ లేకుండా ఒక్క నర్సు నన్ను ముట్టుకోలేదు. నిన్ను కోసి నెల కూడా కాలేదప్పటికి. ఉన్న లివర్లో సగం కూడా లేదు నీకు. అది నీకు వస్తే నువ్వు తట్టుకుంటావా?"

ఖుర్షిదా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మరి నజ్మీన్‌ను ఎందుకు రానిచ్చారు?"

"అది ఆరోగ్యంగా ఉంది. అయినా ప్రతిసారీ దాని చేతులు నా ఎదురుగా కడిగించేవాణ్ణి. నువ్వైతే కడుక్కోవు. నీకు నేనంటే భయం లేదు."

"అందుకా ప్లేట్లు కడుగుతున్నది?"

"ఎందుకనుకున్నావు?"

ఆమె మంచం అంచున కూర్చుంది. తన పొట్ట మీద కుట్లు చురుక్కుమన్నాయి.

"జ్వరం ఎందుకు దాచారు? అది కూడా నా కోసమేనా?"

ఆయన చాలాసేపు వణికాడు. తర్వాత అన్నాడు. "మళ్ళీ తీసుకెళ్తారు. లివర్ పాడైపోయింది అంటారు. నువ్విచ్చినదాన్ని నా కుళ్ళు పసరుతో పాడుచేశానని ఏ మొహం పెట్టుకుని నీకు చెప్పేది? నువ్వు పొన్నూరులో ఉంటే, ఇక్కడ ఏదైనా అయితే, కనీసం నీ కళ్ళముందు జరగదు గదా అనుకున్నా."

ఖుర్షిదాకు కోపం వచ్చింది. ఇన్ని రోజులు మింగిందంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"నేనిచ్చింది మీరు బతకడానికండీ. ఈ గదిలో దాక్కుని చావడానికి కాదు. నాకు చెప్పకుండా నన్ను కాపాడటానికి మీరెవరు? యాభై రోజులుగా ఈ ఇంట్లో నేను మనిషినన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు. నా కోత మానిందా అని అడిగినవాళ్ళు లేరు. ఇచ్చినందుకు నన్ను చూస్తేనే అసహ్యం పుట్టిందేమో అనుకుని, ఆ గోడ అవతల చాప మీద పడుకుని రోజూ ఏడ్చాను. మీరిక్కడ నాకోసం భయపడుతున్నారు. నేనక్కడ మీరు నన్ను వద్దనుకున్నారని ఏడుస్తున్నాను. ఒక్క మాట చెప్తే పోయేది గదండీ."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. ఆమే కొంగుతో తుడవబోయి, ఆగి, శుభ్రమైన దూది తీసి తుడిచింది.

తర్వాత లేచి రెబ్కాకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఏ మాత్రా వెయ్యకండి. వెంటనే బయల్దేరండి. పాత రిపోర్టులన్నీ తీసుకురండి," అంది రెబ్కా. "మీరు కూడా వస్తున్నారా?"

"నేనే తీసుకొస్తున్నాను."

బస్సు దగ్గర దించడానికి వచ్చిన జాన్ బాషా వదిన మొహం చూసి ఏమీ అడగకుండా కారు తలుపులు తీశాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను వెనక సీట్లో పడుకోబెట్టారు. హైవే మీద మిరప టిక్కీ బస్తాలు ఎత్తుకున్న లారీలు బారులు తీరి ఉన్నాయి. జాన్ బాషా హారన్ కొట్టుకుంటూ సందులు చూసుకుని పోనిచ్చాడు. యడ్లపాడు దాటేదాకా ఖాజావలికి తెలివి ఉంది. ఆ తర్వాత ఆయన మాటలు తప్పుతున్నాయి. దూది తడిసిపోతోంది, లోపల పెట్టమని ఎవరికో చెప్తున్నాడు. ఖుర్షిదా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "పెట్టేశాంలెండి. ఒక్కటి కూడా తడవలేదు," అంటూ కూర్చుంది.

ఆసుపత్రిలో స్కానింగు తీశారు. కొత్త కాలేయాన్ని పేగుకు అతికించిన చోట దారి సన్నబడి, పసరు వెనక్కి నిలిచిపోయింది. నిలిచిన పసరులో క్రిములు పెరిగి రక్తంలోకి పాకాయి. పక్కటెముకల మధ్యనుంచి సన్నటి ట్యూబు లోపలికి పంపి, ఆ పసరు బయటి సంచిలోకి వచ్చేట్టు చేశారు. సంచిలో మొదట పడింది బురద రంగులో, నలకలు నలకలుగా ఉంది. ఖుర్షిదాకు గాజు అద్దం అవతల నుంచే కనిపించింది.

రెండు రోజులు ఏ సంగతీ చెప్పలేమన్నారు. ఆ రెండు రోజులూ ఆమె వరండాలో ఇనప కుర్చీ మీద కూర్చుంది. నజ్మీన్ కాలేజీ మానేసి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఒక మధ్యాహ్నం, ఎవరూ ఏమీ అనకుండానే, "కుట్ల దగ్గర నొప్పి ఉందామ్మా?" అంది. ఖుర్షిదా తల ఊపింది. నజ్మీన్ తల్లి భుజం మీద తల వాల్చి చాలాసేపు ఏడ్చింది. పర్చూరు నుంచి నస్రత్ రోజూ ఫోన్ చేసేది. మూడో రోజు ఫోన్‌లో కాసేపు తడబడి, "నువ్వు తిన్నావా అమ్మాయ్?" అని అడిగింది.

ఆ మూడో రోజునే జ్వరం దిగింది. నాలుగో రోజు డాక్టర్ త్యాగరాజు ఖుర్షిదాను గౌను తొడిగించి లోపలికి పిలిచాడు.

"ఏం ఖాజావలి గారూ, మా పసరు కబుర్లు చాటుగా విన్నారంట?"

ఆయన సిగ్గుపడ్డాడు.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చూడండి. పసరులో మామూలుగా క్రిములుండవు. మీకు ఆరేళ్ళు ప్లాస్టిక్ గొట్టాలు పెట్టాం. పేగులో ఉండే క్రిములు ఆ గొట్టం పట్టుకుని పైకి ఎక్కుతాయి. అందరి పేగుల్లోనూ బ్యాక్టీరియా ఉంటుంది, అది మీ తప్పు కాదు, మీ ఒంట్లో కుళ్ళూ కాదు. ఆపరేషన్ బల్ల మీద పసరు తీసి ల్యాబుకు పంపింది ఎందుకో తెలుసా? రేపు మీకు జ్వరం వస్తే ఏ మందు పనిచేస్తుందో ముందే తెలియాలని. మొన్న మీరొచ్చిన గంటలో సరైన ఇంజెక్షను పడిందంటే ఆ రిపోర్టు వల్లే."

"మరి బోర్డు కట్టారు గదండీ నా మంచానికి?"

"ఐసీయూలో పక్క మంచాల మీద ఉన్నది మీలాంటి ఆపరేషన్ వాళ్ళే. మా చేతుల మీదుగా వాళ్ళకు పోకూడదని. మీ ఆవిడకు భయం లేదు. మీ పనులు చేసినప్పుడు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. నిజానికి జాగ్రత్త ఆవిడ వల్ల మీకు కావాలి, మీ వల్ల ఆవిడకు కాదు." డాక్టరు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "ఇది అప్పుడే మీకు విడమరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. అది మా పొరపాటే. కానీ ఇంకొక్క పూట జ్వరం దాచి ఉంటే ఇప్పుడు నేను మీతో మాట్లాడుతూ ఉండేవాణ్ణి కాదు."

"లివర్?" అని అడిగింది ఖుర్షిదా.

"మీరిచ్చిందా? బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా. దారి మూసుకుపోయింది, అంతే. తెరిచాం."

డాక్టరు లేచి వెళ్ళాడు. అది విన్నాక ఖుర్షిదాకు తన సంగతే ఇంకోలా కనిపించింది. ఆయన కిటికీ మూసిన రోజున ఎందుకు మూశారని తను అడగలేదు. అభిమానం అడ్డొచ్చింది. ఇచ్చింది తను కాబట్టి, ఆయనే ముందు తలుపు తెరవాలని మనసులో ఎక్కడో పట్టుదల. ఆయన భయంతో తలుపు మూసుకుంటే, తను పౌరుషంతో బయట నిలబడింది. అది తలుచుకుంటే ఆమెకు దుఃఖం ఆగలేదు.

పన్నెండో రోజున ఇంటికి పంపారు. ట్యూబు ఇంకో నెల ఉంటుందన్నారు. సంచిలో పడిన పసరును రోజూ పొద్దునే కొలిచి, పారబోసి, రంగు రాసుకోవాలి. రెబ్కా ఆ పనంతా ఖుర్షిదాకు నేర్పించింది. లోపలికి వెళ్ళే ఒక్క మనిషి ఇప్పుడు ఆమే. బయల్దేరేటప్పుడు రెబ్కా ఇంకో కాగితం కూడా ఇచ్చింది, ఖుర్షిదా చేయించుకోవలసిన పరీక్షలు రాసి. నజ్మీన్ దాన్ని ఫ్రిజ్ మీద తండ్రి కాగితం పక్కనే అంటించింది.

ఇంట్లో మొదటి పొద్దున ఖుర్షిదా చేతులు కడుక్కుని, మాస్కు, గ్లవ్స్ వేసుకుని, కొలత గ్లాసు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. ఖాజావలి చొక్కా కిందికి లాక్కుని సంచిని కప్పేశాడు.

"నువ్వొద్దు. నజ్మీన్ వచ్చాక చేస్తుందిలే."

"అది వచ్చేది సాయంత్రం. ఇప్పుడే తియ్యాలి."

"చూస్తే బాగోదు ఖుర్షిదా. వాసన కూడా. నీకు అసహ్యం వేస్తది."

ఆమె జవాబు చెప్పకుండా కింద కూర్చుని సంచి అడుగున ఉన్న మూత తిప్పింది. పసరు గ్లాసులోకి జారింది. అద్దం అవతల నుంచి చూసిన ఆ బురద రంగు కాదిది. ఎక్కడా నలక లేదు. ఎండకు ఎత్తి పట్టుకుంటే కొత్త తేనెలా, పచ్చటి బంగారం రంగులో మెరిసింది.

"ఇది ఎక్కడ తయారైందండీ?" అంది.

"ఏంది?"

"ఈ పసరు. ఏ లివర్లో తయారైంది?"

ఆయన ఆ గ్లాసు వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు.

"నీ దాంట్లో," అన్నాడు మెల్లగా.

"మరి నాదాన్ని చూస్తే నాకెందుకండీ అసహ్యం?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఏడుపైంది, ఏడుపు పక్కలో పోటైంది. పొట్ట పట్టుకున్నాడు. "నవ్వించమాక. కుట్లు లాగుతున్నాయి."

"నాకూ లాగుతున్నాయి," అంటూ ఆమె కూడా పొట్ట పట్టుకుంది. మాస్కు తడిసిపోయింది.

ఆమె గ్లాసు కడిగి, చేతులు కడుక్కుని, కొత్త మాస్కు పెట్టుకుని వచ్చేసరికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. గోడ పక్కనున్న కుర్చీ చూపించాడు.

"దాన్ని ఇట్టా లాక్కుని కూర్చో. ఇంకేం పని పెట్టుకోమాక."

ఆమె కూర్చుంది.

"ఆపరేషన్ రోజు నిన్ను నాకంటే ముందు తీసుకెళ్ళారు గదా. నేను స్ట్రెచరు మీద చూస్తానే ఉన్నా. నువ్వు వెనక్కి తిరగలేదు. అప్పుడు ఏమనుకున్నావు? భయమేసిందా?"

ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తను కూడా ఎవరికీ చెప్పలేదు. ఖుర్షిదా కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"చాలా భయమేసిందండీ," అంది. ఆ పొద్దున నర్సు వచ్చి లేపిన దగ్గర్నుంచి ఒక్కొక్కటే ఆయనకు చెప్పసాగింది.